సరంగుగారి తలంటు

న్యూరాలజీ చదివిన మూడేళ్ళను తలుచుకుంటే నాకు మనుషుల కంటే ముందు గదులు గుర్తొస్తాయి. ఈఈజీ గదికి కిటికీ ఉండేది కాదు. తలనిండా తీగలు అంటించుకుని పడుకున్న మనిషి మెల్లగా నిద్రలోకి జారుతుంటే, పక్కన మిషనులో సన్నటి పెన్నులు పొడుగాటి కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయేవి. మెలకువ గీత వేరు, కునుకు గీత వేరు, గాఢనిద్ర గీత వేరు. ఇంకొకరి నిద్రని కాగితం మీద చదువుతూ చదువుతూ నేనూ కునికిపాట్లు పడేదాన్ని. ఒకసారి టెక్నీషియన్ నా భుజం తట్టి, "మేడమ్, పేషెంటు లేచి వెళ్ళిపోయాడు, మీరింక లేవొచ్చు" అన్నాడు.

అక్కడ రెండు నెలలు. తర్వాత నరాల పరీక్షల గది, తర్వాత ఫిల్ములు చూసే చీకటి గది, పిల్లల వార్డు, మానసిక వైద్యం వార్డు. పోస్టింగులంటారు వాటిని. ఒకచోట ఆయా పేరు, టీ వచ్చే వేళ తెలిసేలోపు ఇంకోచోటికి పొమ్మనేవారు. ఏ నెలలో ఎక్కడున్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఒక గది తలుపు తీస్తే ఇంకో గదిలోకి వెళ్ళినట్టు, అన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలో జరిగినట్టు ఉంటుంది. ఒక్క ఆరు వారాలు మాత్రం నిన్న మొన్న జరిగినంత స్పష్టంగా ఉన్నాయి.

మాది మండపేట. నాన్న రైసుమిల్లులో బాయిలరు చూసేవాడు. చిన్నప్పటి నుంచీ నాకు ముక్కు మీద కోపం. "దీనికి ఒకరు చెప్పేది వినే ఓపిక లేదు, డాక్టరై ఎవర్ని ఉద్ధరిస్తుందో" అనేది అమ్మ. నేను డాక్టరయ్యాక ఆ కోపానికి తొందర కూడా తోడైంది.

మూడో ఏడు ఎలెక్టివ్ అని ఒకటి ఉండేది. ఆరు వారాలపాటు మనకు నచ్చిన చోటికి వెళ్ళి నచ్చింది నేర్చుకోవచ్చు. నేను మూర్ఛకు ఆపరేషన్లు చేసే పెద్ద ఆస్పత్రికి రాసుకున్నాను. తొంభైల చివర ఆ రోజుల్లో దేశం మొత్తం మీద అలాంటివి వేళ్ళ మీద ఉండేవి. వాళ్ళు ఒక్క సీటే ఇస్తామన్నారు, అది నా తోటివాడికి వెళ్ళింది. మా హెడ్డుగారు నన్ను పిలిచి, "నువ్వు రాజమండ్రి వెళ్ళమ్మా. మా గురువుగారు రిటైరయ్యాక అక్కడ చిన్న ఆస్పత్రి పెట్టుకున్నారు. మీ ఊరు కూడా దగ్గరేగా" అన్నారు. దగ్గరేగా! నా ఏడుపంతా అదే. బొంబాయికని బయల్దేరి బిక్కవోలులో దిగినట్టయింది నా పని.

ఆస్పత్రి అంటే గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల ఒక పాత మేడ. కింద వరండాలో బెంచీలు, లోపల రెండు గదులు, పైన నాకొక గది. పొద్దున్నే గది తలుపు తీస్తే తడి ఇసుక వాసన కలిసిన గాలి తగిలేది. రైలు వంతెన మీదికి ఎక్కగానే దాని చప్పుడు మారిపోయేది. సగం నిద్రలో ఆ చప్పుడు వింటూ నేనే ఎక్కడికో పోతున్నాననుకునేదాన్ని. లేచి చూస్తే రాజమండ్రిలోనే ఉండేదాన్ని, ఒళ్ళు మండిపోయేది.

ప్రొఫెసరుగారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన దగ్గర కేసు రాయడానికి ఒక పద్ధతి ఉండేది. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ పేషెంటుది, కుడి పేజీ మనది. ఎడమ పేజీలో పేషెంటు చెప్పినమాట చెప్పినట్టు, వాళ్ళ భాషలోనే రాయాలి. మన డాక్టరు మాట ఒక్కటి అక్కడ కనబడినా ఎర్రసిరాతో కొట్టేసేవారు. "వాళ్ళింట్లోకి చెప్పులతో వెళ్ళకమ్మా" అనేవారు. మొదటి వారమంతా నా ఎడమ పేజీలు ఎర్రగానే ఉన్నాయి. ఆస్పత్రుల్లో అరవై మందిని అరపూటలో చూసిన దాన్ని, నాకిదంతా చాదస్తమనిపించేది.

రెండోవారంలో ఒకరోజు ఆయన జంగారెడ్డిగూడెం క్యాంపుకి వెళ్ళారు. ఓపీ మొత్తం నామీద పడింది. వరండా నిండిపోయింది. పదిన్నర వేళ ఒక జంట లోపలికొచ్చారు. ఆయనకి యాభై ఉంటాయి, ఉతికిన ఖాకీ చొక్కా, ఎప్పుడూ ఎండలోకి చూసేవాళ్ళకి ఉండే చికిలించిన కళ్ళు. కుర్చీ అంచు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట్లాడిందంతా భార్యే.

"శనివారం తలంటుకి ఈయన పీట మీద కూచుంటారండి. నేను వెనకాల నిలబడి నీళ్ళు పోస్తానండి. నాలుగు చెంబులు పడేతలికి ఈయనింక ఈ లోకంలో ఉండరండి. పిలిస్తే పలకరు. తనలో తను నవ్వుకుంటారు. నా చేతిలో చెంబు లాక్కుని ఆయనే గబగబా పోసుకుంటారండి. ఆనక ఎడం చెయ్యి ఇలా ఇలా కొట్టుకుని పక్కకి ఒరిగిపోతారండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటిందండి. అమ్మవారు పూనుతుందేమోనని పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకున్నానండి. జాతరకెళ్ళి మొక్కు తీర్చుకునొచ్చాం కూడానండి. ఆ వచ్చిన శనివారమే మళ్ళీ వచ్చేసిందండి."

నా గుండె గంతేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషంతోనే గంతేసింది. వేడినీళ్ళు తల మీద పడితే వచ్చే మూర్ఛ ఒకటుంది. మనవైపు, కన్నడ దేశంలో కనిపిస్తుందని పుస్తకంలో చదివాను గానీ అప్పటిదాకా చూడలేదు. పుస్తకంలో ఆ పేజీ మొత్తం కళ్ళముందు కదిలింది. కొందరికి నీళ్ళతో పని లేకుండా మామూలప్పుడు కూడా వస్తుందని అందులోనే ఉంది. ఆ ముక్క అడగాలి. అడిగాను.

"నీళ్ళు పోసుకోనప్పుడు కూడా వస్తోందా?"

భార్య నోరు తెరిచింది. "మీరుండండి, ఆయన్ని చెప్పనివ్వండి" అన్నాను. వరండాలో ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"మామూలప్పుడు కూడా మనసు ఎటో వెళ్ళిపోయినట్టు ఉంటుంది కదా?"

"ఆయ్, అవునండి" అన్నాడాయన.

"పనిలో ఉన్నప్పుడు?"

"అవునండి."

"ఏం పని మీది?"

"లాంచీ సరంగండి" అంది భార్య. "రేవులో జనాన్ని దాటించే లాంచీ. ఇరవై రెండేళ్ళ నుంచీ స్టీరింగు ఈయనదేనండి."

"అయితే లాంచీ నడుపుతున్నప్పుడు కూడా వచ్చి ఉంటుంది కదా?"

ఆయన ఒక క్షణం నేలకేసి చూశాడు. "అవునండి" అన్నాడు.

భార్య చటుక్కున ఆయనకేసి తిరిగి చూసింది. ఆ చూపు నేను చూశాను. పాపం ఈమె దగ్గర ఇన్నాళ్ళూ దాచాడన్నమాట అనుకున్నాను. అంత తెలివి నాది. ఆస్పత్రి కాగితం తీసి లాంచీ యజమానికి ఉత్తరం రాశాను: ఈయనకి మూర్ఛ ఉంది, లాంచీ నడిపేటప్పుడు కూడా వస్తోంది, ఇక ఎప్పటికీ స్టీరింగు ఇవ్వకూడదు. రాసింది పైకి చదివి వినిపించాను. మందులు రాశాను. ఆయన రెండు చేతులతో ఆ కాగితం అందుకుని, "చాలా సంతోషమండి" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఒక పెద్ద ప్రమాదం తప్పించానని ఆ మధ్యాహ్నం నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు ప్రొఫెసరుగారు కేసు పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. ఎడమ పేజీలో భార్య చెప్పిన ఏడెనిమిది వాక్యాలు, వాటి కింద వరసగా అవునండి, అవునండి, అవునండి.

"లాంచీ మీద ఎప్పుడొచ్చిందిటమ్మా? వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?"

నేను పేజీలో వెతికాను.

"వచ్చినప్పుడు లాంచీ ఎటు పోయింది? పక్కన ఎవరున్నారు? ఎవరు పట్టుకున్నారు?"

"అడగలేదు సార్."

"అడిగావమ్మా. నువ్వే అడిగి నువ్వే చెప్పావు. ఇక్కడ అవునండి అంటే జవాబు కాదు, పెద్దవాళ్ళు ఎదురైతే పెట్టే నమస్కారం. నువ్వు ఈ పక్కదానివేగా, ఆమాత్రం తెలియదూ?"

తెలియకేం! మా నాన్న మిల్లు యజమాని ముందు రోజుకి నూరుసార్లు అవునండి అనేవాడు. ఇంటికొచ్చి, ఆయన చెప్పిందంతా తప్పని అమ్మతో చెప్పేవాడు. అయినా నేను ఊరుకుంటేనా? "మూర్ఛ ఉన్న మనిషి ఎలాగూ లాంచీ నడపకూడదు కదా సార్" అని వాదించాను.

"ఇప్పట్లో నడపకూడదు, నిజమే. కానీ నువ్వేం రాశావు? ఎప్పటికీ అని రాశావు. పని మీద ఉండగా వస్తోందని రాశావు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాశావు. వెళ్ళి కనుక్కుని రా" అన్నారు. పుస్తకం మూసేశారు. ఎర్రసిరా కలం కూడా తియ్యలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది.

శనివారం పొద్దున్నే రేవు బస్సెక్కాను. మంచు ఇంకా విడలేదు. మండపేట దాటేటప్పుడు మిల్లు గొట్టాలు సగం దాకానే కనిపించాయి, పైసగం తెల్లగా కరిగిపోయింది. మా ఇంటి వీధి ముందునుంచే వెళుతూ కూడా దిగాలనిపించలేదు. చేలు, కాలవలు, అరటితోటలు ఒకదాని వెనక ఒకటి నిద్రలోంచి వచ్చి నిద్రలోకే పోతున్నట్టున్నాయి. రేవులో దిగేసరికి అవతలి ఒడ్డు లేదు. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఆ తెలుపులోంచి లాంచీ కూత వినబడింది, తర్వాత చాలాసేపటికి లాంచీ కనబడింది.

స్టీరింగు దగ్గర ఎవరో కొత్త మనిషి, యజమాని బావమరిదిట. మా సరంగుగారు దిగే బల్ల పక్కన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆడవాళ్ళకి చెయ్యి అందించి దింపుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "అమ్మగారా! ఇలా దయచేశారేంటండి! ఈ పక్కన కూచోండి, గాలి కొట్టదు" అన్నాడు. నామీద ఆయన మొహంలో పిసరంత కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

నది మధ్యకి వచ్చేసరికి లాంచీ ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఇసుక మేట ఎక్కింది. కొబ్బరిబోండాలు దొర్లాయి, ఆడవాళ్ళు కేకలు పెట్టారు. కళాసీ ఒక ముసలాయన, పొడుగాటి గెడ నీళ్ళలోకి దింపి తోస్తూ గొణుక్కున్నాడు. "నీళ్ళ రంగు చూత్తే తెలీదేంటి మేటెక్కడుందో. మా సరంగుగారైతే కళ్ళు మూసుకుని తిప్పేవోరు."

నేను ఆ ముసలాయన పక్కకి జరిగాను. ఎప్పుడైనా సరంగుగారు స్టీరింగు దగ్గర పరధ్యానంగా ఉండడం చూశారా అని అడగబోయి, నాలుక కరుచుకుని, "ఆయన లాంచీ ఎలా నడిపేవారో చెప్పండి తాతగారూ" అన్నాను.

"ఏం చెప్పమంటారండి. ఇరవయ్యేళ్ళు పక్కన నిలబడ్డానండి. రెప్ప ఎయ్యరండి ఆయన. ఈగ వాలినా చెయ్యి తియ్యరు. అలాటాయనకి ఫిట్సంటండి! ఎవత్తో డాక్టరమ్మ రాసిందంట."

ఆ ఎవత్తో నేనేనని చెప్పలేదు. గెడ పట్టుకోమంటే పట్టుకున్నాను.

అవతలి ఒడ్డు దిగి సరంగుగారితో కలిసి వాళ్ళింటికి నడుస్తుంటే దారిలో నేను ఆగిపోయాను. "లాంచీ మీద ఒక్కసారైనా వచ్చిందా బాబాయిగారూ?"

"లేదండి."

"మరి అవునని ఎందుకన్నారు?" నా గొంతు లేచిపోయింది. గడ్డి మోస్తున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

ఆయన తువ్వాలు సవరించుకున్నాడు. "మీరు అన్నీ తెలిసే అడుగుతున్నారండి. చదువుకున్నోరు. బయట అంతమంది ఉన్నారు. కాదంటే మీ మాట తీసేసినట్టు ఉంటది కదండి."

"ఉత్తరం చదివి వినిపించాను కదా! అప్పుడైనా చెప్పొద్దూ?"

"అప్పుడు చెబుదామనే అనుకున్నానండి. కానీ అప్పటికే కాగితం మీద ఎంతో ముచ్చటగా రాసేశారు. కొట్టివేతలు పడతాయి కదండి."

నా తప్పుకి నన్ను ఎవరైనా అంతకంటే గట్టిగా కొట్టగలరా? ఏడుపొచ్చింది నాకు. ఇరవై రెండేళ్ళ పని ఊడిపోతుంటే ఈ మనిషి నా దస్తూరీ పాడవుతుందని చూసుకున్నాడు. ఆ మర్యాద మా ఇంట్లోనూ ఉంది, నేను దాన్ని తింటూ పెరిగాను. అయినా బల్లకి అవతల కూర్చునేసరికి మర్చిపోయాను.

పెరట్లో ఊక పొయ్యి మీద కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి. శనివారం కదా. ఆవిడ నన్ను చూసి కంగారుగా చెయ్యి తుడుచుకుంది. తొరిపే చన్నీళ్ళు కలిపాక కూడా నేను వేలు పెట్టి చటుక్కున తీసేశాను. "ఇంత వేడా!"

"మా అత్తగారు అలాగే పోసేవారండి. ఒళ్ళు ఎర్రబారాలి, ఆవిరి రావాలి. అదీ తలంటంటే. ఆవిడ పోయాక కొడుక్కి గోరెచ్చటి నీళ్ళు పోసిందంటే నలుగురూ నన్నేమనుకుంటారండి?" తర్వాత గొంతు తగ్గించి, "ఒకప్పుడు శనివారమేనండి. ఇప్పుడు బుధవారం కూడా కాచమంటున్నారు. మొన్న సోమవారం కూడానండి" అంది.

అప్పుడు నాకేదో అర్థమవడం మొదలైంది. ఆయన్ని పీట మీద కాక అరుగు మీద కూర్చోబెట్టి, పుస్తకంలో ఎడమ పేజీ తెరిచి, "నాలుగో చెంబు పడ్డాక ఏమవుతుందో చెప్పండి" అని నోరు మూసుకున్నాను. మూసుకుని ఉండడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఊక చిటపటలాడుతోంది. ఎక్కడో కొబ్బరి మట్ట రాలింది. నేను అడగలేదు, అందించలేదు. చాలాసేపటికి ఆయన మొదలుపెట్టాడు. ఆయన మాటలు ఆ పేజీలో ఉన్నవి ఉన్నట్టే నాకు గుర్తున్నాయి.

"మూడో చెంబు దాకా నేనేనండి. నాలుగోది పడ్డాక నీళ్ళ సప్పుడు దూరమైపోద్దండి, అవతలొడ్డున ఎవరో పోసుకుంటున్నట్టు. కుంకుడు పులుసు వాసనొత్తదండి. ఈ పులుసు కాదండి, చిన్నప్పటిది. అప్పుడు నెత్తి మీద చెయ్యి పడుద్దండి. ఈవిడ చెయ్యి కాదండి, అమ్మదండి. అమ్మకి బొటనేలి పక్కన పగులుండేది, ఊడ్పుల్లో పడ్డ పగులు. అది తగులుద్దండి. కళ్ళు మూసుకోరా, మండుతాయి అంటదండి. నేను ఎనక్కి తిరగనండి. తిరిగితే పోద్ది. అందుకని ఇంకా ఇంకా పోసుకుంటానండి."

ఆయన భార్య చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "రెండేళ్ళ నుంచీ ఒక్క మాటైనా చెప్పారా నాకు?" అంది. కోపమో దుఃఖమో తెలియలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది జబ్బేనని తెలుసా బాబాయిగారూ?"

"చెయ్యి కొట్టుకుని పడిపోడం జబ్బేనండి. దాని ముందరిది జబ్బు కాదండి."

ఈఈజీ గదిలో ఎన్ని గీతలు చదివాను! రెండూ ఒకే మెరుపు, మొదట మెదడులో ఒక మూల వెలుగుతుంది, తర్వాత పాకుతుంది. మొదటిది మిగుల్చుకుని రెండోది ఆపడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పాను. నీళ్ళు చల్లబరిస్తే, మందు వేసుకుంటే పడిపోవడం ఆగుతుంది, అమ్మ రావడం కూడా ఆగుతుంది అన్నాను. ఆగితేనే మళ్ళీ స్టీరింగు, ఆగకపోతే ఎప్పటికీ లేదు అన్నాను. ఆయన గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాడు. పోసుకోనని గానీ పోసుకుంటానని గానీ చెప్పలేదు. కాఫీ తాగి వెళ్ళమన్నాడు.

ఆ ఎడమ పేజీని ప్రొఫెసరుగారు రెండుసార్లు చదివారు. నేను అప్పటికే కొత్త ఉత్తరం రాసి ఉంచాను: లాంచీ మీద రాలేదు, నాది పొరపాటు, వెంటనే స్టీరింగు ఇవ్వవచ్చు. చివరి వాక్యం ఆయన కొట్టేశారు.

"నీ తప్పు దిద్దుకోవడానికి నలభైమందిని లాంచీ ఎక్కిస్తావా? ఆరు నెలలు ఆగాలి. ఒక్కటి కూడా రాకూడదు. వస్తే మళ్ళీ మొదటి నుంచి."

ఆ ఉత్తరం నేనే తీసుకెళ్ళి యజమానికి ఇచ్చాను. నేను తప్పు రాశానని చెప్పాను. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, "డాక్టరు తప్పు ఒప్పుకోడం ఇదే చూడ్డమండి" అని నవ్వి, "సరేనండి, ఆర్నెల్లు చూద్దాం. ఈలోపు ఒక్కసారి పడ్డాడని తెలిసినా స్టీరింగు మా బావమరిదిదే" అన్నాడు.

ఎలెక్టివ్ అయిపోయింది. మళ్ళీ గదులు, తీగలు, గీతలు. ఎవరి ఈఈజీ అయినా సన్నగా ఒక మూల మొదలై పాకుతుంటే, ఇప్పుడు ఈ మనిషి దగ్గరికి ఎవరొచ్చారో అనిపించేది. అంతకుముందు ఎప్పుడూ అలా అనుకోలేదు. హాస్టల్లో శనివారం తలస్నానం చేస్తూ చెంబులు లెక్కపెట్టుకునేదాన్ని. అంత వేడి నీళ్ళు, అంత దగ్గరగా అమ్మ, వారానికి మూడుసార్లు కాచి ఇచ్చే భార్య. ఆయన ఆగగలడని నాకు నమ్మకం లేదు. నేనైతే ఆగేదాన్ని కాదు.

పరీక్షల సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఏడు నెలలు గడిచాయి. రెండ్రోజులు ధైర్యం చాలక ఇంట్లోనే ఉండి, మూడోరోజు రేవుకి వెళ్ళాను. లాంచీ వస్తోంది. ఆ చికిలించిన కళ్ళు దూరం నుంచే గుర్తుపట్టాను. స్టీరింగు వెనకాల ఉన్నాయి. రేవు మెట్ల మీద కూలబడి నవ్వాను.

ఆయన నన్ను తన పక్కనే నిలబెట్టుకున్నాడు. లాంచీ మెల్లగా, మేటలు తప్పించుకుంటూ, నిద్రపోతున్న వాటి మధ్యనుంచి నడిచినట్టు పోతోంది. నీళ్ళ మీద ఎండ తెల్లగా పరుచుకుని కదలకుండా ఉంది. కళాసీ తాత నన్ను గుర్తుపట్టి గెడతో దణ్ణం పెట్టాడు. ఆర్నెల్లూ భార్య క్యాలెండరు మీద శనివారం శనివారం సున్నా చుడుతూ వచ్చిందిట, అది పట్టుకెళితే ప్రొఫెసరుగారు కాగితం రాసిచ్చారుట.

"ఇప్పుడు తలంటుకి ముందు వేసుకునే బిళ్ళ ఒకటి ఉంది బాబాయిగారూ, అది వేసుకుంటే కాస్త వెచ్చటి నీళ్ళు పోసుకోవచ్చు" అన్నాను. ఆయనకి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలని నా తాపత్రయం.

"సారు ఇచ్చారండి. ఏసుకుని పోయించుకున్నానండి. నీళ్ళు ఎచ్చగానే ఉన్నాయండి. ఎవరూ రాలేదండి."

ఒక మేట పక్కనుంచి తిప్పాడు. ఆయన చూపు నీళ్ళ మీంచి కదల్లేదు.

"మూడో నెల్లో ఈవిడ పుట్టింటికెళ్ళిందండి. ఒక్కణ్ణే ఉన్నాను. నేనే పొయ్యెలిగించి కాగు పెట్టానండి. బాగా మరిగాయి. పీటేసుకున్నాను. చెంబు ముంచానండి. బిళ్ళ ఏసుకోలేదు. ఎవరికీ తెలీదు."

నేను స్టీరింగు మీది ఆయన చేతులకేసి చూశాను.

"పొద్దున మొదటి ట్రిప్పు బడిపిల్లలదండి. ఎప్పటికైనా ఆ ట్రిప్పు మళ్ళీ నాది కావాలి. చెంబు కింద పెట్టేశానండి. నీళ్ళు పారబొయ్యడానికి చేతులు రాలేదు. సల్లారేదాకా అలా పక్కనే కూచున్నానండి. సల్లారాక పోసుకున్నాను."

నా కళ్ళు నిండిపోయాయి. దాచుకుందామని తల తిప్పాను. ఆయన చూడలేదు.

"అమ్మ పోయిన్నాడు కూడా నేనంతసేపు పక్కన కూచోలేదండి" అన్నాడు. "ఆవేళ వరదండి. లంకలోళ్ళని దాటించాలి."